వేతనంతో కూడిన అనారోగ్య సెలవు: కోల్‌కతాలో చట్టం ఇచ్చే రక్షణ, మిగిలిన ఖాళీలు

కోల్‌కతా: జ్వరం వచ్చిన కార్మికుడు ఇంటివద్ద విశ్రాంతి తీసుకుంటే అతడు త్వరగా కోలుకుంటాడు, తోటి కార్మికులకు, వినియోగదారులకు వ్యాధి సోకే ముప్పు కూడా తగ్గుతుంది. అయితే సెలవు పెడితే వేతనం పోతుందన్న భయం ఉన్నచోట చాలామంది వ్యాధిని దాచిపెట్టి పనికి వస్తారు. అందువల్లనే అనారోగ్య సెలవును ప్రజారోగ్య అంశంగానూ పరిగణిస్తారు.

దుకాణాల్లో సగం వేతనం

పశ్చిమ బెంగాల్ దుకాణాలు, సంస్థల చట్టం-1963 ప్రకారం ఉద్యోగికి వైద్య ధ్రువపత్రంపై ఏడాదికి 14 రోజుల అనారోగ్య సెలవు లభిస్తుంది. ఆ రోజులకు చెల్లించేది సగం వేతనమే. వాడుకోని సెలవులను 56 రోజుల వరకు కూడబెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అమల్లో ఉన్న 1988 నాటి చట్టం ఏడాదికి 12 రోజుల సెలవును వేతనంతో సహా ఇస్తోంది.

ఈఎస్‌ఐలో నిరీక్షణ

ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీలలో ప్రారంభమైంది. 1955లో కలకత్తా, హౌరా ప్రాంతాలకు విస్తరించింది. నెలకు రూ.21,000 వరకు వేతనం పొందేవారు దీని పరిధిలోకి వస్తారు. యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం చందా చెల్లిస్తారు. అనారోగ్య కాలంలో సగటు దినసరి వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు చెల్లిస్తారు. క్షయ వంటి దీర్ఘకాలిక వ్యాధులకు ఇది 80 శాతం. గరిష్ఠంగా రెండేళ్ల వరకు పొడిగించే వీలుంది. క్షయ చికిత్స సాధారణంగా ఆరు నెలలు సాగుతుంది కనుక ఈ పొడిగింపు రోగి మందులు మధ్యలో మానకుండా తోడ్పడుతుంది.

అయితే కొత్తగా వచ్చిన అనారోగ్యంలో మొదటి రెండు రోజులకు ఈఎస్‌ఐ చెల్లింపు ఉండదు. ఫ్లూ వంటి వ్యాధులు ఎక్కువగా వ్యాపించేది లక్షణాలు మొదలైన తొలి మూడు, నాలుగు రోజుల్లోనే. అంటే ఇంట్లో ఉండాల్సిన అవసరం ఎక్కువగా ఉన్న రోజుల్లోనే కార్మికుడికి ఆసరా లేదు.

ఆహార రంగంలో వైరుధ్యం

కలరా క్రిమిపై రాబర్ట్ కాక్ 1884లో కీలక పరిశోధన జరిపిన నగరం ఇది. అంటువ్యాధి ఉన్న వ్యక్తిని ఆహారం తయారీకి అనుమతించరాదని ఆహార భద్రత నిబంధనలు (2011) చెబుతున్నాయి. కానీ ఇంటికి పంపిన రోజుకు వేతనం లేకపోతే విరేచనాలతో బాధపడే వంటవాడు ఆ సంగతి బయటపెట్టడం కష్టం.

పరిధికి వెలుపల

వీధి వ్యాపారులకు సెలవు ఇచ్చే యజమాని లేరు. క్యానింగ్, లక్ష్మీకాంతపూర్ వైపు నుంచి లోకల్ రైళ్లలో నగరానికి వచ్చే ఇంటిపనివారికి ఈ రెండు చట్టాలూ వర్తించవు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత స్మృతి-2020 గిగ్ కార్మికులకు ఆరోగ్య పథకాలు రూపొందించే వీలు కల్పించినా, వేతనంతో కూడిన అనారోగ్య సెలవును వారి హక్కుగా నిర్దేశించలేదు.

విదేశాల్లో

జర్మనీ 1883లోనే కార్మికులకు అనారోగ్య బీమా చట్టం చేసింది. అమెరికాలో జాతీయ చట్టం లేకపోయినా శాన్‌ఫ్రాన్సిస్కో 2007లో ఈ సెలవును తప్పనిసరి చేసింది. తర్వాత మరికొన్ని నగరాలు, రాష్ట్రాలు అదే బాట పట్టాయి. అటువంటి ప్రాంతాల్లో ఫ్లూ తరహా వ్యాధులు తగ్గినట్లు అధ్యయనాలు తేల్చాయి.