మోకాళ్ల కోసం

1953 ఫిబ్రవరి 16. ఉత్తర కొరియాలో ప్యాంగ్‌యాంగ్‌కు దక్షిణాన ఉన్న క్యొమిపో. ప్యాంథర్ జెట్ శత్రు స్థావరం మీదకి ముక్కు వంచి దూకి, మళ్లీ పైకి లేస్తోంది. లేస్తుండగానే ఏదో తేడా చేసింది. కింద నుంచి కాల్చిన తూటాలు తగిలాయి. కళ్ల ముందు ఎర్రదీపాలు వరసగా వెలుగుతున్నాయి. చేతిలో స్టిక్ గజగజలాడుతోంది. రేడియో పలకడం లేదు.

ఆ స్టిక్ పట్టుకున్నది బోస్టన్ రెడ్ సాక్స్ బ్యాటర్ టెడ్ విలియమ్స్. 1941లో అతని సగటు .406. పదిసార్లు బ్యాటు పడితే నాలుగు హిట్లకు పైమాటే. ఇప్పుడు వయసు 34. రెండో ప్రపంచ యుద్ధానికి మూడు సీజన్లు ధారపోసినవాణ్ని, రిజర్వులో పేరుందని 1952లో కొరియా యుద్ధానికి మళ్లీ పిలిచారు. లోపల మండిపోతూనే వచ్చాడు. వీరగాథలు రాసేవాళ్లు ఈ ముక్క మింగేస్తారు గానీ, నాకు అతని మీద నమ్మకం కుదిరింది ఆ కోపం చూశాకే.

పక్కకు ఇంకో ప్యాంథర్ వచ్చింది. అందులో లెఫ్టినెంట్ లారీ హాకిన్స్. విమానం నుంచి ఏదో ద్రవం కారిపోతోందని చేతులతో సైగ చేస్తున్నాడు. తన వెంట రమ్మంటున్నాడు.

దూకేయొచ్చు కదా? సీటు కింద మందు పేలితే మనిషి సీటుతో సహా గాల్లోకి ఎగురుతాడు. కానీ ఇతని ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు. ఇరుకు కాక్‌పిట్‌లో కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. సీటు ఎగిరితే మోకాలిచిప్పలు మిగలవని అతని భయం. మోకాళ్లు పోతే బేస్‌బాల్ పోయినట్టే. అందుకే ప్రాణాన్ని పణంగా పెట్టి, దూకకుండా విమానాన్ని దించడానికే సిద్ధపడ్డాడు.

అదిగో దక్షిణ కొరియాలోని సువాన్ రన్‌వే. చక్రాల్లేవు, వేగం తగ్గించే సాధనాలేవీ పనిచేయడం లేదు. గంటకు మూడొందల కిలోమీటర్లకు పైగా వేగంతో విమానం పొట్ట నేలకు తాకింది. లోహం కాంక్రీటు మీద గీరుకుంటూ నిప్పురవ్వలు చిమ్ముతోంది. పనిచేయని బ్రేకునే కసిగా తొక్కుతున్నాడు. రన్‌వే తరిగిపోతోంది, విమానం ఆగదే! అర కిలోమీటరు దాటాక గానీ ఆగలేదు. పైకప్పు తోసుకుని బయటపడ్డాడు, పరిగెత్తాడు, హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు. వెనక ప్యాంథర్ తగలబడుతోంది.

మర్నాడు ఇంకో విమానం ఎక్కించారు. మొత్తం 39 సార్లు యుద్ధానికి ఎగిరాడు. కొన్నింటిలో పక్కనే ఎగిరినవాడు జాన్ గ్లెన్, తర్వాత భూమి చుట్టూ తిరిగొచ్చిన వ్యోమగామి. ఆగస్టులో బోస్టన్ తరఫున మళ్లీ బరిలోకి దిగి, మిగిలిన సీజన్‌లో 37 మ్యాచ్‌లు ఆడాడు. 13 హోమ్ రన్లు, సగటు .407.