ఇంటి పనులే మొదటి పాఠము



మన పిల్లలకు ఇంగ్లీషు రావలెనని భైంసా చుట్టునున్న పల్లెలలో తలిదండ్రులు పడుచున్న ప్రయాసము మీరెరుగుదురు. పత్తి అమ్మిన సొమ్ములో మొదటి భాగము బడి ఫీజునకు పోవుచున్నది. బీడీలు చుట్టిన కూలి పుస్తకములకు పోవుచున్నది. అయినను అయిదేండ్లు చదివిన పిల్లను పిలిచి, “మీ అమ్మ ప్రొద్దున లేచి ఏమేమి చేయునో ఇంగ్లీషులో చెప్పుము” అని అడిగినయెడల, ఆ పిల్ల తల వంచుకొని నిలుచును. ఆవును గూర్చిన వ్యాసమును గడగడ ఒప్పజెప్పును గాని, ఆవుకు తాను మేత వేసిన సంగతి చెప్పలేదు. ఈ లోపము నేటిది కాదు, మన ఊరిది మాత్రమే కాదు. దీనిని సరిచేయ బూనినవారి చరిత్ర నాలుగువందల యేండ్లకు పైబడినది. దయతో ఆలకించుడి.

1572వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన, పరిశుద్ధ బర్తొలొమయి దినమున, ప్యారిస్ నగరములో ప్రొటెస్టెంటు విశ్వాసుల వధ ఆరంభమాయెను. అది ఇతర పట్టణములకును ప్రాకి, వేలకొలది జనులు హతులైరి. వీరినే హ్యూగెనాట్లు అందురు. తప్పించుకొనినవారిలో అనేకులు సముద్రము దాటి ఇంగ్లండు చేరిరి. చేతిలో పని యున్నది. నోట భాష లేదు. పరదేశములో మాటరాని కుటుంబపు గతి యెట్టిదో, పొట్ట చేత పట్టుకొని బొంబాయికో భివండికో వలసపోయి వచ్చిన మనవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

వీరికి లండనులో ఇంగ్లీషు నేర్పిన ఫ్రెంచి ఉపాధ్యాయుడొకడు జాక్ బెల్లో అనువాడు. అతడు 1580లో ఒక పుస్తకము వ్రాసెను. 1586లో సంభాషణల పుస్తకము మరియొకటి వెలువరించెను. దానిని అచ్చువేసిన తోమా వోత్రోలియే కూడ హ్యూగెనాటే. ఆ సంభాషణలలో రాజుల కథలు లేవు. ప్రొద్దున లేచుట, పిల్లలను లేపి బడికి పంపుట, అంగడికి పోయి చేపలు, కోళ్లు, గుడ్డలు బేరమాడుట, ఇంటికి వచ్చి భోజనమునకు కూర్చుండుట, ఇట్లు ఒక కుటుంబము యొక్క దినము ఆ పుటలలో సాగిపోవును. పుటకు మూడు వరుసలు. ఒకదానిలో ఇంగ్లీషు, ఒకదానిలో ఫ్రెంచి, మూడవదానిలో ఆ ఇంగ్లీషునే ఎట్లు పలుకవలెనో ఫ్రెంచి అక్షర రీతిని వ్రాసిన వరుస. మన బస్టాండులలో అమ్ము ఇంగ్లీషు పుస్తకములలో తెలుగు లిపిని పలుకుబడి వ్రాసియుండుట చూచి ఇది కొత్త ఉపాయమనుకొనువారు కలరు. బెల్లో దానిని 1586లోనే చేసియుండెను.

ఆ తరువాత మొరేవియా దేశపు కొమీనియస్ బిషపు, తానును ప్రవాసియే, 1658లో బొమ్మల పుస్తకము ప్రచురించెను. రొట్టె కాల్చుట మొదలైన నిత్యజీవితపు పనుల బొమ్మలను జూపి లాటిను నేర్పుట అతని పద్ధతి. మన దేశములో విలియం కేరీ ఇదే మార్గమును వెనుకకు త్రిప్పెను. తెల్లదొరలకు బెంగాలీ నేర్పుటకై 1801లో శ్రీరాంపురమున సామాన్య జనుల సంభాషణలను అచ్చొత్తించెను. 1805లో ఆయన వెలువరించిన మరాఠీ వ్యాకరణమునకు కూడ అట్టి సంభాషణలు చేర్చబడినవి. 1814లో ఆయన తెలుగు వ్యాకరణమును వెలువడెను.

అయితే దినచర్యకు పాఠముగా ఒక క్రమము నిచ్చినవాడు ఫ్రాన్సు దేశపు లాటిను ఉపాధ్యాయుడగు ఫ్రాన్స్వా గువాన్. ఇతని కథ మన బడులన్నిటిలో చెప్పదగినది. జర్మను భాష నేర్వగోరి ఇతడు హాంబర్గు పట్టణమునకు పోయెను. మొదట వ్యాకరణమును కంఠస్థము చేసెను. పిమ్మట కళాశాలకు పోయి వినగా ఒక్క మాట తెలియలేదు. ధాతువులు వల్లించెను, ప్రయోజనము లేదు. తుదకు నిఘంటువు తీసికొని ముప్పది దినములలో ముప్పదివేల మాటలు వల్లెవేసెను. మరల పోయి వినెను. మరల ఏమియు తెలియలేదు! వల్లెవేయుటలో మన పిల్లలకు ఇతనిని మించిన పెద్దన్న దొరకడు.

నిరాశతో ఇంటికి మరలిన గువాన్, మూడేండ్లయిన నిండని తన అక్కచెల్లెండ్ర బిడ్డ ఈలోగా తల్లిభాష చక్కగా మాటలాడుచుండుట చూచి ఆశ్చర్యపడెను. ఒకనాడు ఆ పిల్లవానిని పిండిమరకు తీసికొనిపోయిరి. వాడు అంతయు కలయజూచి ఇంటికి వచ్చి, కొంతసేపు ఊరకుండి, తరువాత ఆట మొదలుపెట్టెను. చిన్న సంచులలో ఇసుక నింపెను, భుజమున మోసెను, మరలో పోసెను, చక్రము త్రిప్పెను. చేయు ప్రతి పనిని నోట చెప్పుచు, ఇది మొదలు, దీని పిమ్మట ఇది, అని వరుస తప్పక నడిపెను. గువాన్ మనస్సున వెలుగు కలిగెను. భాష మాటల మూటగా రాదు. పనుల వరుసగా వచ్చును. ఆ వరుసకు ప్రాణము క్రియ. 1880లో తన పద్ధతిని గ్రంథముగా ప్రకటించెను. అది 1892లో ఇంగ్లీషున వచ్చెను.

గువాన్ దీనిని మిక్కిలి సాగదీసెనని కూడ చెప్పవలెను. తలుపు తెరచుటకే అన్నేసి వాక్యములు కావలెనా? ఏ పల్లెటూరి పిల్లవాడైనను నవ్వును. తరువాత హెరాల్డ్ పామర్ అను ఇంగ్లీషువాడు జపానులో పనిచేయుచు, చేయుచు చెప్పించు పద్ధతిని 1925లో మరింత సులువు చేసి పుస్తకము వ్రాసెను. మన హైదరాబాదులోనే 1958లో ఇంగ్లీషు బోధకుల శిక్షణకై కేంద్ర సంస్థ స్థాపింపబడెను. 2007 నుండి అది విశ్వవిద్యాలయము.

ఇక మన భైంసాకు రండి. నైజాము కాలమున ముధోలు తాలూకా నాందేడు జిల్లాలో నుండెను; 1956లో ఆదిలాబాదులో కలిసెను; 2016 నుండి మనది నిర్మల్ జిల్లా. గనుక ఇక్కడి అంగడిలో తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడును వినవచ్చును. నైజాము ప్రభుత్వమున పై చదువు ఉర్దూలో జరిగెను. 1918లో నెలకొల్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయము సహితము ఉర్దూలోనే బోధించి, ఇంగ్లీషును ఒక పాఠ్యాంశముగా నుంచెను. ఇంట తెలుగో మరాఠీయో మాటలాడు పిల్లవానికి ఇంగ్లీషు మూడవదో నాలుగవదో భాష. 2022 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతి నుండియే ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. మూడవ భాష ఒక్కసారిగా పాఠములన్నిటి భాష ఆయెను.

మన పిల్లలు ఎక్కడ తడబడుదురో చూడుడి. “లేచి, మొగము కడుక్కొని, చాయ తాగి, చేనుకు పోత” అని మనము ఒక్క ఊపున అందుము. నాలుగు పనులుండగా చివరి పోతయే ముగింపు క్రియ. మరాఠీవారు “ఉఠూన్” అనియు, ఉర్దూవారు “ఉఠ్‌కర్” అనియు ఇట్లే దండ గ్రుచ్చుదురు. ఇంగ్లీషులో ఆ దండను త్రెంచి, ప్రతి పనికి దాని వాక్యము నీయవలెను: “ఐ గెటప్. ఐ వాష్ మై ఫేస్. ఐ డ్రింక్ టీ. ఐ గో టు ది ఫీల్డ్.” గువాన్ చూపిన పొట్టి వాక్యములు ఇక్కడ మనకు బాగుగా అక్కరకు వచ్చును.

రెండవ తడబాటు తెలుగు పిల్లలకే. “రేపు అయిదింటికి లేస్త” అందుము. “రోజూ అయిదింటికి లేస్త” అనియు అందుము. ఒకే రూపము రెండింటికి చాలును. అందుచేత “డైలీ ఐ విల్ గెటప్” అని పిల్లలు అందురు. పంతులు కోపపడును గాని కారణము చెప్పడు. మరాఠీ పిల్లవానికి “ఉఠతో”, “ఉఠేన్” అని వేరువేరు రూపములున్నవి గనుక, అతనిని ప్రక్కన కూర్చుండబెట్టి ఇద్దరిచేత చెప్పించినయెడల భేదము తేటపడును. మూడవది, ఆమె, అతడు అన్నచోట క్రియ చివర రావలసిన “స్”. తెలుగులో నేను, నీవు, అతడు, ఆమె, మేము, మీరు అని మార్చినకొలది క్రియ తోక మారును. మన పిల్లలు తప్పక పలుకుదురు. ఇన్ని తోకలు మోయువారికి ఒక్క “స్” బరువా?

గడియారముతో మొదలుపెట్టుట నాకంతగా నచ్చదు. కోడికూత, పొద్దుపొడుపు, గుడి గంట ఎరిగిన పిల్లకు “ఫస్ట్”, “దెన్”, “ఆఫ్టర్ దట్” అను మూడు మాటలు మొదట చాలును. గంటలు తరువాత నేర్వవచ్చును.

అన్నిటికంటె పెద్ద చిక్కు మరియొకటి. పుస్తకములోని పిల్లవాడు బస్సెక్కి బడికి పోవును, సాయంకాలము పార్కులో ఆడును. ఆ వాక్యములే మన పిల్ల తన దినచర్యగా వ్రాయును. మార్కులు వచ్చును. తన యింటి పని ఇంగ్లీషునకు తగదని ఆ పిల్ల మనస్సున నాటుకొనును. బెల్లో పుస్తకములో ప్రవాసుల అంగడియే యుండెను. మన పుస్తకములో మన అంగడి ఏది? అయితే ఒక తల్లి నాతో, “అయ్యగారూ, బీడీలు వదలాలనే కద చదివిస్తున్న, ఇంగ్లీషులో కూడా బీడీలేనా?” అనెను. ఆమె మాటలో న్యాయమున్నది. దానిని తేలికగా త్రోసివేయరాదు. నేను ఆమెతో, బీడీ చుట్ట నేర్పమనుట లేదు, నీవు దినమంతయు చేయు పనిని నీ బిడ్డ ఎవరియెదుటనైనను చెప్పగలుగవలెనని అంటిని. ఆమె ఊరకుండెను.

ఆ సాయంకాలము ఆమె కూతురు చాట ప్రక్కన కూర్చుండి చెప్ప మొదలుపెట్టెను. “మై మదర్ వెట్స్ ది లీవ్స్. షి కట్స్ ది లీవ్స్. షి పుట్స్ ది టొబాకో. షి రోల్స్ ది బీడీ. షి టైస్ ది థ్రెడ్.” తల్లి అర్థమడిగి వినెను. చుట్టుచున్న చేయి ఆపక, “తడిపినంక గుడ్డల చుట్టి పెడ్త కద, అది మరిచినవ్” అనెను. పిల్ల వ్రేళ్లు మడచి లెక్కించుకొని, మొదటి వాక్యమునకును రెండవ వాక్యమునకును నడుమ ఇంకొకటి చేర్చెను.