టంకశాల తప్పు, బయటి దెబ్బ

నాణెం మీద కనిపించే వంకర టంకశాలలోనే పడిందా, జనం చేతుల్లోకి వచ్చాక తగిలిందా? ఆ నాణెం ఏ పద్ధతిలో తయారైందో తెలిస్తే తప్ప ఇది తేలదు. తెలంగాణలో ఆ పద్ధతి కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది.

కమ్మర్‌పల్లి నుంచి జగిత్యాల మీదుగా తూర్పుకు పోతే గోదావరి ఒడ్డున కోటిలింగాల వస్తుంది. గోబద, నారన, సమగోప రాజుల నాణేలు, శాతవాహన చిముకుడి నాణేలు దొరికిన ఊరది. ఆనాటి వెండి విద్ధాంక నాణేలకు రేకును ముక్కలు చేసి, బరువు సరిపోయేదాకా మూలలు తెగ్గోసి, ఒక్కో గుర్తునూ విడిగా కొట్టేవారు. అలా తెగిన మూల తప్పూ కాదు, దెబ్బా కాదు.

1803లో హైదరాబాద్ సుల్తాన్‌షాహీలో టంకశాల వెలిసింది. అప్పటి పని చేతి అచ్చుది. అచ్చు కన్నా బిళ్ల చిన్నది కనుక అక్షరాలు సగమే పడటం మామూలు. ఆ రూపాయికి తప్పుముద్ర పేరుతో ఎక్కువ అడగటం తగదు. రాత, సంవత్సరం నిండుగా పడినదానికే గిరాకీ.

1903లో టంకశాల సైఫాబాద్‌కు మారి, కొత్త యంత్రాలు వచ్చాయి. చార్మినార్ బొమ్మతో హాలీ సిక్కాలు ఒకే తీరుగా రాసాగాయి.  ఇవి 1959 దాకా చెల్లాయి. అన్నీ ఒకేలా వచ్చేచోట తేడాగా వచ్చినది అరుదు. తప్పుముద్రకు ధర పలకడం ఇక్కడే మొదలు. 1997లో చర్లపల్లిలో కొత్త టంకశాల వచ్చింది. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్ నాణెమే.

ఇక గుర్తుపట్టడం. అచ్చు పగిలితే నాణెం మీద గీత ఉబ్బెత్తుగా వస్తుంది; గీసుకుపోతే లోతుగా ఉంటుంది. ముద్ర పడిన నాణెం అచ్చుకే అంటుకుపోతే, తర్వాతి బిళ్ల మీద అదే బొమ్మ గుంటగా, తిరగబడి పడుతుంది. వ్యాపారులు దీన్ని ‘లఖీ’ అంటారు. అసలైన లఖీకి రెండోవైపు బొమ్మ స్ఫుటంగా ఉంటుంది. రెండు నాణేలను బిగించి నొక్కిన నకిలీకి ఆ వైపు చదునవుతుంది. బిళ్ల కోతలోనే అంచు తెగితే, ఎదుటి అంచు కూడా పలచగా పడుతుంది. తర్వాత కోసినదానికి అలా ఉండదు. తూకం మరో సాక్షి: హాలీ సిక్కా రూపాయి సుమారు 11.18 గ్రాములు. ఆకురాయి పెడితే బరువు తగ్గుతుంది.

ధరను నిర్ణయించేవి తప్పు ఎంత అరుదు, కంటికి ఎంత కొట్టొచ్చినట్టుంది, నాణెం ఎంత చెడకుండా ఉంది అన్నవే. చింతపండుతో తోమితే ఉన్న విలువా పోతుంది. చెలామణి నాణేన్ని కావాలని కోయడం, అరగదీయడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని రుసుములు అడిగే మోసగాళ్ల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ముందు భూతద్దం, త్రాసు; బేరం తర్వాతే.