అవతార్ కిషన్ హంగల్: రంగస్థలము, చెరసాల, వెండితెర

చలనచిత్రాల చరిత్ర వ్రాసేవారి దృష్టి సహజంగా నాయికానాయకుల మీదనే నిలుస్తుంది. కథను నడిపేవారు వారే. గోడపత్రికల మీద కనిపించేవీ వారి ముఖాలే. కాని కథ జరిగే ఇల్లు నిజమైన ఇల్లనీ, వీధి నిజమైన వీధి అనీ ప్రేక్షకునికి నమ్మకం కలిగించేవారు వేరు. తండ్రి, అన్నగారు, బడిపంతులు, గుమాస్తా—ఇటువంటి పాత్రలు ధరించే నటుణ్ణి హిందీలో ‘చరిత్ర అభినేత’ అంటారు. ఆ భాషలో చరిత్ర అనగా శీలము, స్వభావము. తెలుగులో ఆ మాటకు అర్థం వేరు. అవతార్ కిషన్ హంగల్ విషయంలో ఈ రెండర్థాలనూ విడదీయుట కష్టం.

హంగల్ 1914లో సియాల్‌కోట్‌లో ఒక కాశ్మీరీ పండిత కుటుంబంలో జన్మించారు. ఆయన పెరిగినది పెషావరులో. 1930 ఏప్రిల్ 23న ఆ నగరంలోని కిస్సా ఖ్వానీ బజారులో, ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ నిర్బంధానికి నిరసనగా గుమికూడిన నిరాయుధ జనం మీద ఆంగ్ల ప్రభుత్వ సైన్యం కాల్పులు జరిపినది. అప్పటికి హంగల్‌కు పదహారేండ్లు. ఆ నగరంలో ఆ వయస్సు వారికి స్వాతంత్ర్యోద్యమం పత్రికలలో చదువుకొనే వార్త కాదు, తమ ఊరి వీధులలో జరిగినది. హంగల్ ఆ ఉద్యమంలో చేరారు. జీవనోపాధికి దర్జీపని నేర్చుకున్నారు. పెషావరులోనే నాటకాలాడుట మొదలుపెట్టారు. తరువాత కుటుంబం కరాచీకి తరలినది. అక్కడ ఆయన కార్మికోద్యమంలోనూ కమ్యూనిస్టు పార్టీలోనూ పనిచేశారు.

1947లో దేశం రెండుగా చీలినది. హంగల్ వెంటనే కరాచీ విడిచి రాలేదు. కమ్యూనిస్టు అయినందుకు కొత్త ప్రభుత్వం ఆయనను చెరసాలలో ఉంచినది. విడుదలైన తరువాత 1949లో బొంబాయి చేరుకున్నారు. ఆనాటికి ఆయన వయస్సు ముప్పదియైదు. పుట్టిన ఊరు, పెరిగిన ఊరు, పనిచేసిన ఊరు మూడూ సరిహద్దుకు ఆవలనే మిగిలిపోయినవి.

బొంబాయిలో మళ్ళీ కత్తెర పట్టి కుట్టుపని చేశారు. సాయంకాలాలు మాత్రం నాటకానివి. 1943లో స్థాపితమైన భారత ప్రజానాట్య సంఘంలో బలరాజ్ సాహ్నీ, కైఫీ ఆజ్మీ వంటివారితో కలిసి పనిచేశారు. తెలుగునాట ప్రజానాట్యమండలి పేర వర్ధిల్లినది ఈ ఉద్యమమే. చలనచిత్రాలలో ప్రవేశించుటకు ముందు ఆయన గడించిన విద్య అంతా ఈ రంగస్థలానిది. దర్జీపని కూడ నటునికి ఉపకరించే విద్యయే అనవచ్చు. ఏ మనిషి భుజం ఎంత వాలినదో, ఎవరి వీపు ఎంత వంగినదో దర్జీ రోజూ కొలతబెట్టి చూస్తాడు.

ఫణీశ్వరనాథ్ రేణు కథ ఆధారంగా శైలేంద్ర నిర్మించిన ‘తీస్రీ కసమ్’ 1966లో విడుదలైనది. అందులో రాజ్‌కపూర్ అన్నగా హంగల్ వెండితెరకు పరిచయమయ్యారు. అప్పటికి ఆయనకు ఏబదిరెండేండ్లు. ఇతరులు విశ్రాంతిని గురించి ఆలోచించే వయస్సులో ఆయన కొత్త వృత్తిలో అడుగుపెట్టారు. అందువలన ప్రేక్షకులు ఆయనను తెరమీద యువకునిగా ఎన్నడూ చూడలేదు.

హృషీకేశ్ ముఖర్జీ చిత్రాలలో ఆయనకు తగిన స్థానం లభించినది. ‘గుడ్డీ’ (1971)లో తండ్రి. ‘బావర్చీ’ (1972)లో కలహాల కాపురంలో పెద్దకొడుకు. ఈ రెండవ చిత్రంలో ఆయనకు తండ్రిగా నటించినవారు హైదరాబాదులో పుట్టిన కవి, సరోజినీ నాయుడు సోదరుడు హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ. ఇద్దరికీ వయస్సులో తేడా సుమారు పదహారేండ్లే. ‘నమక్ హరామ్’ (1973)లో హంగల్ కార్మిక నాయకుడు బిపిన్‌లాల్ పాండే. కరాచీ కార్మికుల మధ్య పనిచేసిన మనిషికి ఆ పాత్ర పరాయిది కాదు. బసు చటర్జీ ‘శౌకీన్’ (1982)లో అశోక్ కుమార్, ఉత్పల్ దత్‌లతో కలిసి ముసలితనంలో కోడెవయస్సు కోరికలు కోరే ముగ్గురిలో ఒకడై నవ్వించారు కూడ.

అయితే ఆయన జీవితార్థం తెలియవలెనంటే రెండు పాత్రలను పక్కపక్కన ఉంచి చూడవలెను. 1973లో ఎం. ఎస్. సత్యు నిర్మించిన ‘గర్మ్ హవా’ విభజనానంతరం ఆగ్రాలో మిగిలిపోయిన ఒక ముస్లిం కుటుంబం కథ. చెప్పుల వ్యాపారి సలీం మీర్జాగా బలరాజ్ సాహ్నీ నటించారు. మీర్జాగారి ఇల్లు చేతులు మారి సింధు నుండి శరణార్థిగా వచ్చిన అజ్మానీ సాహెబుకు దక్కుతుంది. ఆ అజ్మానీ హంగల్. కరాచీ విడిచి వచ్చిన మనిషి శరణార్థి పాత్ర ధరించాడు. ఇల్లు పోగొట్టుకొనుట ఏమిటో ఎరిగినవాడు కనుకనే అజ్మానీలో విజేత గర్వం మచ్చుకైనా కానరాదు.

రెండేండ్ల తరువాత, 1975 ఆగస్టు 15న ‘షోలే’ విడుదలైనది. అందులో హంగల్ అంధుడైన ఇమాము. బందిపోట్లు చంపిన ఆయన ఏకైక కుమారుని శవం ఊరికి వస్తుంది. చుట్టూ జనం ఉన్నారు, కాని ఎవరూ నోరు మెదపరు. ఈ నిశ్శబ్దం దేనికని ఆ వృద్ధుడు అడుగుతాడు. తన దుఃఖాన్ని ఊరిమీద పడవేయక, భగవంతుడు తనకు మరికొందరు కొడుకులను ఎందుకీయలేదని అడగడానికి మసీదు దారి పడతాడు. కొద్ది నిమిషాల దృశ్యమది. నాయకులూ ప్రతినాయకుడూ ఎందరున్నా, ఆ గ్రామానికి మనస్సాక్షి ఆ ఇమామే.

ఒకరు శరణార్థియైన హిందువు, ఒకరు ఊరిని విడువని ముస్లిం. ఇద్దరినీ ఒకే మనిషి సమానమైన నమ్మకంతో నిలబెట్టగలిగాడు. కాలం ఆ నమ్మకానికే పరీక్ష పెట్టినది. మతకలహాల గాయాలు మానని బొంబాయిలో, 1993లో, స్వస్థలం చూడగోరిన హంగల్ పాకిస్తాన్ వీసాకు దరఖాస్తు చేసుకున్నారు. అక్కడి పాకిస్తాన్ దూతకార్యాలయం వారు జరిపిన జాతీయ దినోత్సవానికి హాజరైనారు. శివసేన దానిని దేశద్రోహంగా చూపి ఆయన చిత్రాలను బహిష్కరింపజేసినది. కొంతకాలం వేషాలు కరువైనవి. ఆంగ్లేయులు దేశాన్ని ఏలుతున్ననాడు స్వాతంత్ర్యం కోసం పనిచేసినవాడు డెబ్బదితొమ్మిదేండ్ల వయస్సులో తన దేశభక్తికి సాక్ష్యం చూపవలసి వచ్చినది.

ఆయన మళ్ళీ తెరమీదికి వచ్చారు. 2001లో ‘లగాన్’లో నటించేనాటికి ఎనుబదియేడేండ్లు. 2006లో పద్మభూషణ్ లభించినది. రెండువందలకు పైగా చిత్రాలలో నటించినా ధనం మిగలలేదు. 2011లో ఆయన వైద్యపు ఖర్చులకు కటకటలాడుతున్నారన్న సంగతి దేశానికి తెలిసి సహాయం అందినది. మరుసటి ఏడు ఒక దూరదర్శన ధారావాహికలో కొద్దిసేపు కనిపించారు. 2012 ఆగస్టు 26న తొంబది యెనిమిదవ ఏట ముంబయిలో కన్నుమూశారు.

తెరమీద ఆయన పాత్రలు సాధారణంగా తక్కువ మాట్లాడేవి. కథను మలుపు త్రిప్పేవి కూడ కావు. కాని ఆయన వచ్చి కూర్చుంటే ఆ ఇంట్లో ఒక పెద్దదిక్కు ఉన్నదని ప్రేక్షకుడు నమ్మేవాడు. ఏబదిరెండేండ్ల పాటు తెరకు వెలుపల సంపాదించుకున్న నమ్మకం అది.