నష్టం ఎవరిది? గండికోట సీమలో నీరు, అప్పు, వడ్డీ

కడప జిల్లా జమ్మలమడుగుకు పడమరగా, ఎర్రమల కొండలను పెన్నానది కోసుకుని పారుతున్న లోయ అంచున గండికోట ఉంది. కోటలో ప్రవేశించిన యాత్రికునికి మాధవరాయస్వామి ఆలయ గోపురమూ, జామియా మసీదు మీనార్లూ దగ్గర దగ్గరగానే కానవస్తాయి. మసీదు పక్కనే దళసరి గోడలతో, కమాను కప్పుతో ఒక పెద్ద ధాన్యాగారం ఉంది. చూడవచ్చినవారిలో చాలామంది మసీదును చూచి, లోయను చూచి వెళ్ళిపోతారు. ధాన్యాగారం ముందు నిలబడేవారు తక్కువ. కాని చరిత్ర విద్యార్థి ఎక్కువ సేపు నిలబడవలసిన చోటు అదే.

ఎందుకంటే ఇది వాన నమ్మకం లేని సీమ. మంచి ఏట మిగిలిన గింజను చెడ్డ ఏటికి దాచుకోకపోతే ఇక్కడ బ్రతుకు సాగదు. దివ్య ఖుర్‌ఆన్‌లోని యూసుఫ్ అధ్యాయాన్ని ఎరిగిన పాఠకులకు ఈ సూత్రం కొత్తది కాదు. ఏడు సమృద్ధి సంవత్సరాల పంటను రాబోయే ఏడు కరువు సంవత్సరాలకై దాచిన ఆ ప్రవక్త (అలైహిస్సలాం) గాథలోని ఆర్థిక నీతి అదే: కరువు వస్తుందని ముందే తలచి ఏర్పాటు చేయాలి.

నేడు ధనిక దేశాలు పేద దేశాల అభివృద్ధికి ఎంత ధనం ఇవ్వాలన్న చర్చ ప్రపంచమంతటా జరుగుతోంది. ఆ చర్చలో అందరూ అడిగే ప్రశ్న “ఎంత?” అన్నదే. గండికోట పరిసర సీమ చరిత్ర మన చేత మరొక ప్రశ్న అడిగిస్తుంది. వాన కురవక, తలపెట్టిన పని ఫలించకపోతే ఆ నష్టం ఎవరి నెత్తిన పడాలి? ఒప్పందం న్యాయమైనదా, కాదా అన్నది తేలేది ఇక్కడే.

చెరువులో వాటా

విజయనగర కాలంలో చెరువు తవ్వించడం పుణ్యకార్యం మాత్రమే కాదు, ఒక ఆర్థిక ఏర్పాటు కూడా. ఈ జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం అందుకు సాక్ష్యం. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన ఆ శాసనం, మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ లెక్కపెట్టి చెబుతుంది. రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లు చొప్పున 2 సంవత్సరాలు పని జరిగిందని కూడా అందులో ఉంది. ఆరున్నర శతాబ్దాలు గడిచినా ఆ చెరువు నిలిచే ఉంది.

ఇటువంటి చెరువులు నిలవడానికి ఆధారమైన ఏర్పాట్లలో ఒకటి దశబంధం. చెరువు తవ్వించినవానికో, తెగిన కట్టను బాగుచేయించినవానికో ఆ చెరువు కింది భూమిలో కొంత మాన్యంగా ఇచ్చేవారు, లేదా శిస్తులో తగ్గింపు చూపేవారు. పేరును బట్టి అది పదో వంతు. ప్రతిగా కట్టనూ, తూమునూ కాపాడుకునే బాధ్యత అతనిది, అతని సంతతివారిది. ఈ ఏర్పాటులోని మర్మం గమనించదగినది. ధనం పెట్టినవాని ప్రతిఫలం ఆ నీటితో పండిన పంటలోనే ఉంది. కట్ట తెగితే ఎండేది అతని పొలం కూడా. కనుక చెరువు బాగును కోరడం అతనికి దానధర్మం కాదు, అవసరం.

ఆ కాలాన్ని స్వర్ణయుగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. మట్టి మోసిన కూలీకి మాన్యం దక్కలేదు. అయినా పెట్టుబడి పెట్టినవాడూ, పొలం దున్నినవాడూ ఒకే ఆకాశం వైపు చూచేవారన్నది కాదనలేని సత్యం.

మీర్ జుమ్లా సంపద

1650లో గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల నుండి గండికోటను గెలుచుకున్నాడు. ఇరాన్ దేశంలోని ఇస్ఫహాన్ ప్రాంతం నుండి వజ్రవర్తకుని వద్ద గుమాస్తాగా గోల్కొండకు వచ్చిన ఈ వ్యక్తి, వజ్రపు గనులకూ, సొంత ఓడలకూ యజమాని అయ్యాడు. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1652లో గండికోటకు వచ్చి ఆయనను కలుసుకున్నాడు. ఆ రోజుల్లో మద్రాసులోని ఇంగ్లీషు వర్తకులు మీర్ జుమ్లా వద్ద అప్పు తెచ్చుకుని వ్యాపారం నడిపారు. అనగా పదిహేడవ శతాబ్ది నడుమ లండను కంపెనీ అప్పు పుచ్చుకునే స్థితిలో ఉన్నది, గండికోట ప్రభువు అప్పు ఇచ్చే స్థితిలో ఉన్నాడు. పేదరికం ఈ నేలకు పుట్టుకతో వచ్చినది కాదనడానికి ఇంతకన్న వేరే నిదర్శనం అక్కరలేదు.

అయితే ముస్లిం ప్రభువు కదా అని మీర్ జుమ్లాను ఆదర్శంగా చూపడం చరిత్రకు అన్యాయం. ఆయన సంపద యుద్ధం వల్ల, సరకులపై గుత్తాధిపత్యం వల్ల కూడినది. దేవాలయాల రాగి విగ్రహాలను ఫిరంగులు పోయడానికి తెప్పించిన సంగతిని టావెర్నియే వ్రాసి ఉంచాడు. 1656లో ఆయన మొగలుల కొలువులో చేరినప్పుడు సంపద ఆయన వెంట వెళ్ళింది. వజ్రాలు తరలిపోయాయి, చేను చేనుగానే ఉండిపోయింది. నేలను నమ్ముకోని సంపద నేలకు మిగలదు.

లండను కాలువ

రెండు శతాబ్దాలు గడిచాయి. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ‘దత్తమండలాలు’ అన్న పేరు అప్పటిదే. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉండి, ఒక్కొక్క రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించే రైత్వారీ పద్ధతిని స్థిరపరచాడు. పంట పండినా, ఎండినా నగదు చెల్లించవలసిన రైతు అలా ప్రభుత్వానికి ఎదురెదురుగా నిలబడ్డాడు.

ఇంతలో ఆర్థర్ కాటన్ 1852 నాటికి గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్టను పూర్తిచేశాడు. ప్రభుత్వ ధనంతో కట్టిన ఆ ఆనకట్ట కొద్దికాలంలోనే లాభాలు చూపింది. నీటిలో లాభముందని లండను ధనవంతులకు తెలిసింది. తత్ఫలితంగా 1858లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అక్కడ ఏర్పడింది. కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కుందూ లోయ మీదుగా, నాటి ప్రొద్దుటూరు తాలూకా గుండా కడప దాకా సుమారు 190 మైళ్ళ కాలువ తవ్వడం దాని పని. అదే నేటి కర్నూలు–కడప కాలువ.

ఈ కంపెనీ పెట్టిన పది లక్షల పౌన్ల మూలధనంపై ఏటా నూటికి 5 వంతున వడ్డీ చెల్లిస్తామని లండనులోని భారత వ్యవహారాల మంత్రి పూచీ పడ్డాడు. అనగా ఏటా 50,000 పౌన్లు. రూపాయి రెండు షిల్లింగులున్న ఆ రోజుల లెక్కలో అది 5 లక్షల రూపాయలు. కాలువలో నీరు పారినా, పారకపోయినా, రైతు ఆ నీరు తీసుకున్నా, తీసుకోకపోయినా ఈ సొమ్ము భారతదేశపు రాబడి నుండి వెళ్ళవలసిందే. ఈ ప్రాంతం గుండా వెళ్ళిన మద్రాసు రైలుమార్గానికీ ఇదే పూచీ ఉండేది.

ఫలితం ఊహించదగినదే. నష్టభయం లేని యజమానికి పొదుపు ఎందుకు? అంచనాలు దాటి ఖర్చు పెరిగింది. మూలధనం చాలక ప్రభుత్వమే మరికొంత అప్పు ఇవ్వవలసి వచ్చింది. భారత ప్రభుత్వ ఆర్థిక సభ్యుడుగా పనిచేసిన విలియం మాసీ 1872లో పార్లమెంటు సంఘం ముందు సాక్ష్యమిస్తూ ఈ సంగతిని దాచలేదు. తన ధనాన్ని హుగ్లీ నదిలో పారవేసినా, ఇటుకలూ సున్నంగా మార్చినా, పూచీ వడ్డీ అందినంత కాలం ఆంగ్ల ధనవంతునికి పట్టదని ఆయన చెప్పిన దాని సారాంశం.

1871 నాటికి కాలువ సిద్ధమైంది. కాని అనుకున్న ఆయకట్టులో కొద్ది భాగానికే రైతులు నీరు తీసుకున్నారు. దీనిని రైతు మూర్ఖత్వమని కొందరు దొరలు అన్నారు. కుందూ లోయలోని రేగడి నేల వాన తేమను నిలుపుకుంటుంది. మామూలు ఏట జొన్న, ప్రత్తి నీటి తీరువ కట్టకుండానే పండుతాయి. నీరు నిజంగా కావలసిన వేసవిలో తుంగభద్రలోనే నీరుండదు. నిల్వ చేయడానికి జలాశయమూ లేదు. ఈ రెండు సంగతులూ రైతుకు తెలుసు. అతనిని ఎవరూ అడగలేదు.

1876–78లో మహాకరువు వచ్చింది. దత్తమండలాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. మద్రాసు రాష్ట్రంలో లక్షలాదిమంది చనిపోయారు. కరువు పనులకు వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను గింజ చాలునని రిచర్డ్ టెంపుల్ నిర్ణయించినది ఆ రోజుల్లోనే. కూలీ గింజలో కోత పడింది గాని పూచీ వడ్డీలో కోత పడలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనివేసింది. వాటాదారు నష్టపోలేదు. నష్టమంతా శిస్తు కట్టినవానిదే అయింది. పైగా ఇటువంటి అప్పులన్నీ పౌన్లలో తీర్చవలసినవి. 1873 తరువాత వెండి ధర పడి, రూపాయి విలువ రెండు షిల్లింగుల నుండి 1894 నాటికి ఒక షిల్లింగు చిల్లరకు దిగజారింది. అప్పు పెరగకుండానే బరువు పెరిగింది.

కాలువ వృథా అని నేను అనడం లేదు. తరువాతి తరాల చేతిలో అది వేలాది ఎకరాలను పండించింది. చెడ్డది కాలువ కాదు, దాని వెనుకనున్న ఒప్పందం.

రిబా అంటే ఏమిటి?

మన పాఠకులకు ఈ ఒప్పందాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. దివ్య ఖుర్‌ఆన్ వర్తకాన్ని ధర్మసమ్మతం చేసి రిబాను నిషేధించింది. వర్తకంలో లాభమూ ఉంది, నష్టభయమూ ఉంది. రిబాలో ఒకరికి లాభం ఖాయం, మరొకరికి నష్టం ఖాయం. ముజారబా ఒప్పందంలో పని చెడితే ధనం పెట్టినవాడు ధనాన్ని, శ్రమ పెట్టినవాడు శ్రమను కోల్పోతారు. ఖైబర్ భూములను దైవప్రవక్త (స) అక్కడి యూదు రైతులకే సగం పంట వాటాపై అప్పగించారు. పంట తగ్గితే ఇరుపక్షాల వాటా తగ్గుతుంది.

అప్పు తీర్చలేని ఇబ్బందిలో ఉన్నవానికి వెసులుబాటు కలిగేదాకా గడువు ఇవ్వమని కూడా అల్ బఖర అధ్యాయం ఆదేశిస్తుంది. హిజ్రీ 18లో అరేబియాలో కరువు వచ్చినప్పుడు ఖలీఫా ఉమర్ (రజి) ఆ ఏటి జకాత్ వసూలును వాయిదా వేశారు. జకాత్ మత విధి. దానికే గడువు దొరికిన చోట, వాటాదారుని వడ్డీకి దొరకకపోవడమేమిటి?

నేటి లెక్కలు

పూచీ వడ్డీ కాలం పోయిందా? 1996లో కర్నూలు–కడప కాలువ ఆధునీకరణకు జపాను ప్రభుత్వ సంస్థ నుండి రుణం వచ్చింది. తక్కువ వడ్డీ, దీర్ఘకాలపు గడువు ఉన్న రుణం అది. 1858 నాటి ఒప్పందంతో దీనిని ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అంతర్జాతీయ సహకారం మెరుగుపడగలదనడానికి ఇదే ఉదాహరణ. కాని ఇటువంటి విదేశీ అప్పులు పేద దేశాలకు సాధారణంగా పరాయి నాణెంలోనే తీర్చవలసినవిగా వస్తాయి. తమ నాణెం విలువ పడితే నాటి కథే పునరావృతమవుతుంది.

ధనిక దేశాలు తమ జాతీయాదాయంలో నూటికి 0.7 వంతు సహాయంగా ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లో తీర్మానించింది. 2024లో ఆ మాట నిలబెట్టుకున్నవి డెన్మార్కు, లక్సెంబర్గు, నార్వే, స్వీడన్ దేశాలు మాత్రమే. 2015లో అడిస్ అబాబాలోనూ, 2025లో స్పెయిన్ నగరమైన సెవిల్లేలోనూ అభివృద్ధికి ధనసమీకరణపై అంతర్జాతీయ సభలు జరిగాయి. ఏటా 4 లక్షల కోట్ల డాలర్లు తక్కువ పడుతున్నాయని సెవిల్లే సభ గుర్తించింది. అమెరికా ఆ సంప్రదింపుల నుండి తప్పుకున్నది. విద్యపై గాని, ఆరోగ్యంపై గాని పెట్టేదానికన్న వడ్డీకే ఎక్కువ చెల్లించే దేశాలలో 340 కోట్లమంది జీవిస్తున్నారని ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ 2025లో ప్రకటించింది.

అయితే ఒక చిన్న ఆశ కూడా ఉంది. కరీబియన్ ప్రాంతంలోని బార్బడోస్ దేశం, తుపాను వంటి విపత్తు వస్తే కొంతకాలం చెల్లింపులు ఆపుకునే నిబంధనను తన రుణపత్రాలలో చేర్చింది. ఇటువంటి నిబంధనలను వ్యాపింపజేయడానికి సెవిల్లేలో కొన్ని దేశాలూ, సంస్థలూ ఒక కూటమిగా ఏర్పడ్డాయి. విపత్తు ఏట గడువు అన్న మాట అంతర్జాతీయ రుణపత్రంలోకి ఇంత ఆలస్యంగా ఎక్కింది!

మనం ఇతరులను మాత్రమే ప్రశ్నిస్తే చాలదు. 1975లో జిద్దాలో పని ప్రారంభించిన ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు వడ్డీలేని పద్ధతులను ఆచరణలో పెట్టింది. కాని నేడు ఇస్లామీయ మని పేరు పెట్టిన పత్రాలలో ఎన్నో, నష్టంలో పాలుపంచుకోకుండా స్థిరమైన రాబడినే ఆశించే విధంగా కూర్చినవి. పేరు అరబ్బీలో ఉన్నంత మాత్రాన పూచీ వడ్డీ ముజారబా కాదు.

గండికోట వద్ద పెన్నపై నేడు 26.85 టి.ఎం.సీ.ల జలాశయం ఉంది. శ్రీశైలం నుండి మళ్ళించిన కృష్ణా జలాలు దానిలో చేరుతున్నాయి. తుంగభద్ర కాలువకు లేకపోయిన నిల్వ ఇప్పుడు ఈ సీమకు దక్కింది. ఇది సంతోషించవలసిన విషయం. కాని 2020లో దానిని నింపినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు నీట మునిగాయి. లండను వాటాదారుడు లేని చోట కూడా ఆ ప్రశ్న పోలేదు. నీరు ఒకరిదై, మునక మరొకరిదైనప్పుడు ఆ లెక్క సరిచేయవలసినది ఎవరు?

కోటలోని ధాన్యాగారం ఇప్పుడు ఖాళీగా ఉంది. దానిని కట్టినవారు మాత్రం కరువు తప్పక వస్తుందని తలచి కట్టారు. అప్పుపత్రం వ్రాసేవారు కూడా కరువు వస్తుందని తలచి వ్రాయాలి. ఆనాడు ఇచ్చినవాడూ, పుచ్చుకున్నవాడూ కలిసి తగ్గించుకోవాలి. అంతవరకూ ఎంత ధనం వచ్చినా దానిని సహకారమని పిలవడం తగదు.