బెత్తం నుంచి బుజ్జగింపు దాకా

ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతం నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల్లో ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన ఈ సీమల్లో పూర్వం చదువంటే వీధిబడే.

ఆ బడుల తీరు తెలుసుకోవడానికి గవర్నర్ థామస్ మన్రో 1822లో కలెక్టర్ల నుంచి వివరాలు అడిగాడు. తెలుగు వ్యాకరణం రాసిన బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక వీటిలో పేరుపొందింది. తన జిల్లాలో 533 బడులున్నాయనీ, అందులో 226 తెలుగువనీ లెక్క చెప్పాడు. పొద్దున్నే ముందుగా వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్కటి ఎక్కువ. చదవనివాణ్ణి చేతులు కట్టి పైకప్పుకు వేలాడదీసేవారు, ఇదే కోదండం. గుంజీళ్లు తీయించడమూ ఉండేది.

సర్కారు బడులొచ్చాక కోదండం పోయినా బెత్తం, గోడకుర్చీ మిగిలాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో విద్యా నిబంధనలను సవరించి బడిలో దండనను నిషేధించింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మానసిక వేధింపునూ నేరుగా నిషేధించింది. 2020లో కేంద్రం ‘మనోదర్పణ్’ పేరుతో విద్యార్థులకు మానసిక సలహా సేవలు మొదలుపెట్టింది. క్రమశిక్షణకు భయమే మార్గమన్న భావనకు చట్టంలో నేడు చోటు లేదు.