మాంటిసోరి పద్ధతి - శాన్ లోరెంజో వాడ

మాంటిసోరి అనగానే మనకు గుర్తొచ్చేది పట్టణాల్లో డబ్బున్నవాళ్ల పిల్లలు టై కట్టుకుని వెళ్లే ఇంగ్లీషు మీడియం బడి. ఆ పద్ధతి పుట్టింది మాత్రం రోము నగరంలో శ్రామికులు వుండే శాన్ లోరెంజో వాడలో, 1907 జనవరి 6న, అద్దె ఇళ్ల భవనంలో. సాహిత్య విద్యార్థులకు దీనితో పనేమిటని అడగవచ్చు. పసివాడి చేతికి రాత ఎలా వస్తుంది, వచ్చిన రాత ఎవరికి ఉపయోగపడుతుంది అన్న ప్రశ్న ఇందులో వుంది గనుక పని వుందనే నేననుకుంటాను.

1880ల చివర ఇళ్ల వ్యాపారం కుప్పకూలడంతో సగం కట్టి వదిలేసిన భవనాల్లో నిరుపేదలు కిక్కిరిసి బతికారు. తర్వాత ఒక గృహనిర్మాణ కంపెనీ వాటిని బాగుచేయించింది. తల్లిదండ్రులు పనికి పోతే బడి ఈడు రాని పిల్లలు మెట్లనూ గోడలనూ పాడుచేసేవాళ్లు. కంపెనీ డైరెక్టరు, ఇంజనీరు ఎడోర్డో తలామో వాళ్లందర్నీ ఒకచోట చేర్చాలనుకుని ఆ పని డాక్టరు మరియా మాంటిసోరికి అప్పగించాడు. మరమ్మతులకు పోయే డబ్బుతోనే బడి నడుస్తుందని ఆమే దాపరికం లేకుండా చెప్పింది. ఫీజు లేదు. కానీ మురికి బట్టలతో వచ్చిన బిడ్డను, మర్యాద తప్పిన తల్లిదండ్రుల బిడ్డను తీసేస్తామని నియమాల్లో వుంది. ఆస్తి రక్షణ కోసం పెట్టిన గదిలోంచి ఒక విద్యావిప్లవం రావడం చరిత్రలోని వైరుధ్యాల్లో ఒకటి.

మాంటిసోరి 1896లో రోములో వైద్యపట్టా తీసుకుంది. మందబుద్ధులని లోకం తోసేసిన పిల్లలతో పనిచేస్తూ, ఫ్రెంచివాళ్లు ఇతార్, సెగాఁ తయారుచేసిన పద్ధతుల్ని చదివింది. ఆ పిల్లలు మామూలు పిల్లలతో సమానంగా పరీక్షల్లో నెగ్గినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. ఆమెకు వచ్చిన సందేహం వేరు: ఆరోగ్యవంతులైన పిల్లల్ని అంత దిగువన ఆపుతున్నది ఏమిటి?

ఆ సందేహానికి ఆమె వెతికిన జవాబు వస్తువుల్లో కనిపిస్తుంది. చెక్కదిమ్మలో పది గుంటలు, వాటిలో సరిగ్గా ఇమిడే పది గుండ్రటి బిళ్లలు. ఒకటి తప్పుగా పెడితే చివర ఒకటి మిగిలిపోతుంది. తప్పు చెప్పడానికి పంతులు అక్కర్లేదు, చెక్కే చెబుతుంది. పిల్లవాడు ఊడదీసి మళ్లీ పెడతాడు, విసుగు పుట్టేదాకా పెడతాడు. పంతులమ్మ పని చూస్తూ వుండడం, అవసరమైనప్పుడు రెండు ముక్కలు చెప్పడం. ముందు "ఇది గరుకు, ఇది నునుపు" అంటుంది. తర్వాత "గరుకుది ఏది?" అని అడుగుతుంది. చివర "ఇదేమిటి?" అంటుంది. బిడ్డ పొరబడితే దిద్దదు. ఆ పాఠానికి ఇంకా వేళ కాలేదని ఊరుకుంటుంది.

రాత దగ్గర ఈ పద్ధతి అసలు బలం తెలుస్తుంది. బిళ్లల పిడిని మూడువేళ్లతో పట్టడం పెన్సిలు పట్టడానికి తయారీ. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద వేలు నడిపి, ధ్వని పలికి, విడి అక్షరాలు పేర్చి మాటలు కడతారు. ఇవన్నీ విడివిడిగా సాగుతాయి. ఒక డిసెంబరు రోజున డాబా మీద అయిదేళ్ల బాలుణ్ణి సుద్దముక్కతో పొగగొట్టం గీయమంటే, గీసి, "నేను రాయగలను" అని కేకవేసి నేలమీద చెయ్యి, పొగగొట్టం, పైకప్పు అనే మాటలు రాసేశాడు. మన వీధిబడిలోనూ వేలితో ఇసుకలో ఓనమాలు దిద్దించారు. వేలికి పని చెప్పే తెలివి మనకు కొత్త కాదు. అయితే అక్కడ వేలు పట్టుకున్న చేతిలోనే బెత్తం కూడా వుండేది!

1909 ఏప్రిల్ 7న ఒక పసివాడు కలంతో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన ఉత్తరం మాంటిసోరి పుస్తకంలో అచ్చయింది. ఇంజనీరు తలామోకు ఈస్టర్ శుభాకాంక్షలు! తన ఇంటి అద్దె ఎవరి కంపెనీకి చేరుతుందో ఆ బిడ్డకు తెలియదు. సోవియట్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ ఈ ఉత్తరాన్నే పట్టుకున్నాడు. చిన్నవయసులోనే రాత నేర్పవచ్చని ఆమె నిరూపించిన మాట నిజమేనన్నాడు. కానీ అది వేళ్ల అలవాటుగా మిగిలిపోయిందనీ, పిల్లవాడికి చెప్పవలసిన అవసరం వుండి రాసినప్పుడే అది రాతభాష అవుతుందనీ ఆయన విమర్శ. మాంటిసోరిపై వచ్చిన విమర్శల్లో రచయితలు మొదట చదవవలసింది నా దృష్టిలో ఇదే.

1924 నుంచి ముస్సోలినీ ప్రాపకాన్ని ఆమె అంగీకరించడం కప్పిపుచ్చవలసిన విషయం కాదు. పొత్తు కుదరలేదు, 1934 నాటికి ఇటలీలో ఆమె బడులు మూతపడ్డాయి. 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపుపై మద్రాసులోని అడయారు వచ్చింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగగానే బ్రిటిష్ ప్రభుత్వం ఆమె కుమారుడు మారియోను నిర్బంధించి, ఆగస్టు 31న, ఆమె డెబ్బయ్యో పుట్టినరోజున విడుదల చేసింది. తర్వాత కొడైకెనాల్‌లో పనిచేసి 1946లో యూరప్ వెళ్లింది.

మన పట్టణాల్లో ఆ వస్తువుల్ని తాళం వేసిన గాజు బీరువాలో పెట్టి, తనిఖీ వచ్చినప్పుడు మాత్రం తీసే బడిని నేను చూశాను. పేరు ఎవరి సొత్తూ కాదు గనుక అడిగేవారు లేరు.

ఆమె ఇక్కడికి రావడానికి చాలా ముందే, 1920లో, గుజరాత్‌లోని భావనగర్‌లో గిజూభాయి బధేకా బాలమందిరం తెరిచాడు. మాంటిసోరి పసిపిల్లలకు అద్భుత కథలు వద్దంది. ఆయన ఆమె పద్ధతిని తీసుకుని ఆ ఒక్క మాట పక్కన పెట్టాడు. కథలు చెప్పాడు, పాడించాడు, ఆడించాడు, పిల్లల కోసం గుజరాతీలో పుస్తకాలకు పుస్తకాలు రాశాడు. ఆమె మన దేశంలో అడుగుపెట్టిన 1939లోనే, కొద్ది నెలల ముందు, ఆయన చనిపోయాడు.